హెవీ లైసెన్స్ తీసుకోవడం ఎలా: తేదీల లెక్క నుంచి ట్రాక్ దాకా

రావులపాలెం అరటి మార్కెట్ దగ్గర లారీ లోడింగ్‌కి పెట్టి టీ తాగుతుంటే, నెలకి నలుగురైనా కుర్రాళ్లు వచ్చి ఇదే అడుగుతారు. "అన్నా, హెవీ లైసెన్స్ ఎంతకి చేయిస్తారు?" అడిగేవాళ్లలో సగం మంది క్లీనర్లు. రాత్రిపూట డ్రైవరు నిద్రపోతే హైవే మీద స్టీరింగ్ పట్టినవాళ్లే. డ్రైవింగ్ వచ్చేసింది, కార్డొక్కటే తక్కువనుకుంటారు.

నేను చూసినంతలో ఫెయిలయ్యేది ఎక్కువగా వీళ్లే. ముందుకి నడపడం ఎవరికైనా తొందరగానే వస్తుంది. పని ఆగిపోయేది రెండు చోట్ల: ఒకటి కాగితాల వరస, రెండోది రివర్స్. ఈ రెండింటి మీదే ఎక్కువ రాస్తున్నాను, మిగతావి క్లుప్తంగా చెప్పుకుంటూ పోతాను.

1. అసలు మీకు హెవీ కావాలా?

ముందు మీరు నడపబోయే బండి ఆర్‌సీ తీసి గ్రాస్ వెహికల్ వెయిట్ ఎంతుందో చూడండి. అంటే బండి బరువు, అది మోయగల సరుకు బరువు కలిపిన అంకె.

అది 7,500 కిలోల లోపుంటే ఎల్‌ఎంవీ (లైట్ మోటార్ వెహికల్, అంటే కారు) లైసెన్స్ చాలు. రవాణా బండి అయినా సరే, లైసెన్స్ మీద విడిగా ట్రాన్స్‌పోర్ట్ ఎండార్స్‌మెంట్ (రవాణా బండి నడపొచ్చనే ముద్ర) అక్కర్లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబర్ 6న తేల్చి చెప్పింది. కడియం నర్సరీల నుంచి మొక్కలు తోలే చిన్న ట్రాలీలు, ఊళ్లలో తిరిగే పికప్‌లు ఇందులోకే వస్తాయి.

అంబాజీపేట నుంచి కొబ్బరికాయలు ఉత్తరాదికి తోలే పది టైర్ల లారీ, ఇసుక టిప్పరు, ఆకివీడు వైపు నుంచి ఐసు పెట్టెల్లో చేపలు వేసుకుని హౌరా వెళ్లే బండి... వీటికి మాత్రం హెవీ ఉండాల్సిందే. ప్రమాదకర సరుకు తోలే ట్యాంకర్ల లెక్క వేరు, చివర్లో చెబుతాను.

2. తేదీల లెక్క

ఇక్కడ తప్పితే మిగతా శ్రమంతా వృథా.

హెవీ లైసెన్స్ ట్రాన్స్‌పోర్ట్ తరగతిలోదే. ట్రాన్స్‌పోర్ట్ బండి నడపాలంటే మీకు 20 ఏళ్లు నిండాలి. దాని ఎల్‌ఎల్‌ఆర్‌కి (లెర్నర్ లైసెన్స్‌కి) అప్లై చేసే నాటికి మీ చేతిలో ఎల్‌ఎంవీ లైసెన్స్ ఉండి ఏడాది పూర్తవ్వాలి. ఈ ఏడాదిని పక్కా లైసెన్స్ వచ్చిన రోజు నుంచి లెక్కపెడతారు, ఎల్‌ఎల్‌ఆర్ తీసుకున్న రోజు నుంచి కాదు. చాలామంది ఇక్కడే రెండు మూడు నెలలు తప్పు లెక్క వేసుకుంటారు.

బైక్ లైసెన్స్ ఎంత పాతదైనా ఈ ఏడాదికి పనికిరాదు. పదహారేళ్లకే క్లీనరుగా ఎక్కి, పాతికేళ్లొచ్చినా బైక్ లైసెన్సుతోనే తిరిగేవాళ్లు నాకు తెలుసు. వాళ్లు ఇవాళ కారు లైసెన్సుకి అప్లై చేస్తే, లారీకి ఏడాది పైనే ఆగాలి. పద్దెనిమిది నిండగానే ఎల్‌ఎంవీ తీసిపెట్టుకోమని ఇంట్లో పిల్లలకి చెప్పండి.

హెవీ ఎల్‌ఎల్‌ఆర్ చేతికొచ్చాక టెస్టుకి కనీసం 30 రోజులు ఆగాలి. ఆ ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది. అంటే నేర్చుకోవడానికి, ఒకసారి ఫెయిలైనా మళ్లీ వెళ్లడానికి మీకు అయిదు నెలల టైముంది.

ఎనిమిదో తరగతి పాసవ్వాలన్న పాత నిబంధన 2019లోనే తీసేశారు. ఇప్పటికీ ఆ పేరు చెప్పి సర్టిఫికెట్ "చేయిస్తాం" అని డబ్బులడిగే ఏజెంట్లున్నారు. ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

3. పేరు సరిచూసుకోవడం

ఇది మనవాళ్లకి ప్రత్యేకమైన తలనొప్పి. పాత డీఎల్‌లో (డ్రైవింగ్ లైసెన్స్‌లో) ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది. ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు ముందు ఉంటుంది. టెన్త్ సర్టిఫికెట్లో అదే ఇంటిపేరు వెనక్కి పోతుంది. మనిషి ఒక్కడే, కంప్యూటర్‌కి మాత్రం ముగ్గురు.

అప్లికేషన్ మొదలుపెట్టే ముందే ఇవి చూసుకోండి:

- డీఎల్‌లో, ఆధార్‌లో పేరు అక్షరం అక్షరం ఒకటేనా
- పుట్టిన తేదీ రెండింట్లో ఒకటేనా (కొందరికి ఆధార్‌లో జనవరి 1 అనే ఉంటుంది)
- ఆధార్‌కి లింకైన ఫోన్ నంబర్ ఇప్పటికీ మీ దగ్గరే ఉందా. ఓటీపీ దానికే వస్తుంది
- డీఎల్ మీద చిరునామా పాతదైతే మార్పించారా
- పాత డీఎల్ ఆన్‌లైన్ రికార్డులో కనిపిస్తోందా. కేంద్ర రవాణా శాఖ పరివాహన్ సైట్లో నంబరు కొట్టి చూడండి

ఆఖరిది మర్చిపోవద్దు. పుస్తకం రోజుల నాటి లైసెన్సులు కొన్ని ఆన్‌లైన్‌కి ఎక్కలేదు. అలాంటప్పుడు ముందు ఆర్టీఓ ఆఫీసుకి ఒరిజినల్ పట్టుకెళ్లి రికార్డు ఎక్కించమని అడగాలి. అది అవ్వకుండా ముందుకెళ్తే అప్లికేషన్ మధ్యలో ఆగిపోతుంది.

4. కళ్లు, మెడికల్

ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సుకి వయసుతో సంబంధం లేకుండా ఫారం 1ఏ మెడికల్ సర్టిఫికెట్ కావాలి. ప్రభుత్వం అనుమతించిన డాక్టరు సంతకం ఉండాలి.

డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు ఇంట్లోనే ఒక పరీక్ష చేసుకోండి. మంచి ఎండలో పాతిక మీటర్ల దూరంలో కారు నిలబెట్టి, ఒక్కో కన్ను మూసి నంబర్ ప్లేటు చదవండి. మసకగా ఉంటే కళ్లజోడు చేయించుకున్నాకే మెడికల్‌కి వెళ్లండి. కళ్లజోడుతో లైసెన్స్ వస్తుంది, నామోషీ ఏమీ లేదు. లేనిపోని మొహమాటానికి పోయి రాత్రిపూట ఎదురు లైట్లలో ఏమీ కనపడక ఇబ్బంది పడే డ్రైవర్లని చూశాను.

5. స్కూలు

హెవీకి డ్రైవింగ్ స్కూలు ఇచ్చే ఫారం 5 సర్టిఫికెట్ తప్పనిసరి. "నాకు డ్రైవింగ్ వచ్చు కదా, స్కూలెందుకు" అనే మాట అక్కడ చెల్లదు.

నిబంధనల ప్రకారం ట్రాన్స్‌పోర్ట్ బండ్ల శిక్షణ 30 రోజులకి తగ్గకూడదు, స్టీరింగ్ పట్టే సమయం 15 గంటలకి తగ్గకూడదు. నేను నేర్చుకున్న చోట నాలుగు రోజులు బండెక్కించి, నెలంతా హాజరైనట్టు సంతకాలు పెట్టించుకున్నారు. అప్పట్లో సంతోషించాను కూడా. దాని ఫలితం టెస్టు రోజున తెలిసింది.

డబ్బు కట్టే ముందు అడగాల్సినవి:

- లారీ మీదే నేర్పిస్తారా, లేక వ్యాన్ మీద నేర్పి టెస్టుకి మాత్రం లారీ తెస్తారా
- దానికి ఎయిర్ బ్రేకులు (గాలి ఒత్తిడితో పనిచేసేవి) ఉన్నాయా
- రివర్స్‌కి ఖాళీ స్థలం ఉందా
- రోజుకి నా చేతికి స్టీరింగ్ ఎంతసేపు ఇస్తారు
- టెస్టు రోజు అదే బండి తెస్తారా, దాని ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), ఇన్సూరెన్స్, పొల్యూషన్ కాగితాలు చెల్లుబాటులో ఉన్నాయా

వీలుంటే గుర్తింపు పొందిన డ్రైవర్ ట్రైనింగ్ సెంటర్ ఎక్కడుందో కనుక్కోండి. అక్కడ హెవీ కోర్సు ఆరు వారాలు, 38 గంటలు. అక్కడ పాసైతే ఆర్టీఓ ఆఫీసులో మళ్లీ డ్రైవింగ్ టెస్టు ఉండదు. దూరమైనా, ఖర్చైనా పని గట్టిగా వస్తుంది.

ఇంకో మాట. నవంబరు, డిసెంబరుల్లో, మళ్లీ ఏప్రిల్ కోతలప్పుడు మన రోడ్ల మీద సగం వరకు ధాన్యం ఆరబోసి ఉంటుంది. కొత్తవాళ్లు ఆ రోజుల్లో ప్రాక్టీసు పెట్టుకుంటే రైతుల చేత తిట్లు తినడమే. ఎండాకాలం చివరో, సంక్రాంతి వెళ్లాకో పెట్టుకోండి.

6. ఎల్‌ఎల్‌ఆర్ అప్లై చేయడం

పరివాహన్ సైట్లో సారథి విభాగం తెరిచి, ఆంధ్రప్రదేశ్ ఎంచుకుని, లెర్నర్ లైసెన్స్‌కి వెళ్లండి. అక్కడ మీకు ఇప్పటికే డీఎల్ ఉందని చెప్పి దాని నంబరు ఇవ్వాలి. కొత్తవాడిలా మొదలుపెట్టకండి. చట్టం ప్రకారం ఒక మనిషికి ఒకే లైసెన్స్ ఉండాలి. మనం చేసేది ఉన్న లైసెన్సుకి ఇంకో తరగతి చేర్పించుకోవడం. నెల తర్వాత డీఎల్ దశలో కూడా ఇదే గుర్తుపెట్టుకుని, వాహన తరగతి చేర్చే సేవనే ఎంచుకోండి.

ఫీజుల సంగతి: కేంద్ర నిబంధనల్లో లెర్నర్ లైసెన్స్‌కి తరగతికి 150 రూపాయలు, డ్రైవింగ్ టెస్టుకి 300, తరగతి చేర్చడానికి 500. వీటికి రాష్ట్ర సర్వీసు ఛార్జీలు కలుస్తాయి. ఈ అంకెలు పక్కన పెట్టుకుని ఏజెంటు అడిగే మొత్తం చూడండి. మిగతాదంతా దేనికో ఆయన్నే అడగండి.

రాష్ట్రంలో ఏ లైసెన్సింగ్ ఆఫీసులోనైనా అప్లై చేయవచ్చు. అమలాపురం వాళ్లు అమలాపురంలోనే అని ఏమీ లేదు. మీ స్కూలు వాళ్లు ఏ టెస్టు ట్రాక్‌కి అలవాటు పడ్డారో అక్కడ స్లాటు తీసుకుంటే సుఖం.

7. ప్రాక్టీసు

ఇక అసలు పని. నెల రోజుల్ని మూడు ముక్కలు చేసుకోండి: మొదటి వారం బండిని తెలుసుకోవడం, తర్వాత రెండు వారాలు రివర్స్, మలుపులు, ఆఖరి వారం రోడ్డు.

ఎల్ బోర్డు ముందూ వెనకా ఉండాలి: తెల్లటి పలక మీద ఎర్ర అక్షరం, 18 సెంటీమీటర్ల చదరం. పక్కన లైసెన్సున్న శిక్షకుడు లేకుండా గేటు దాటొద్దు.

గాలి పట్టనివ్వండి. ఎయిర్ బ్రేకు బండి స్టార్ట్ చేయగానే కదలదు. డాష్‌బోర్డులో గాలి మీటరు సూది పైకెక్కి, బజర్ ఆగాలి. అప్పటిదాకా పార్కింగ్ బ్రేకు చక్రాల్ని పట్టుకునే ఉంటుంది. నా మొదటి టెస్టులో బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు (టెస్టు పెట్టే ఆర్టీఓ అధికారి) పక్కన కూర్చోగానే టెన్షన్ వచ్చేసింది. స్టార్ట్ చేశాను, గేరేశాను, క్లచ్ వదిలాను. బజర్ మోగుతూనే ఉంది. బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. ఆయన నన్నేమీ అనలేదు. మీటరు మీద వేలితో రెండుసార్లు టకటకమని కొట్టి చూపించి, తలుపు తీసుకుని దిగిపోయారు. సూది ఇంకా ఎర్ర గీత కిందే ఉంది. వ్యాన్ మీద నేర్చుకున్నవాడికి గాలి సంగతి ఎలా తెలుస్తుంది?

వెనక చక్రాలు లోపలికి కోస్తాయి. ముందు చక్రాలు వెళ్లిన దారిలోనే వెనక చక్రాలు రావు, మలుపు లోపలి వైపుకి జరిగి వస్తాయి. బండి ఎంత పొడుగైతే అంత ఎక్కువ జరుగుతాయి. మన కాలువ వంతెనల దగ్గర దీన్ని బాగా చూడొచ్చు. రోడ్డు కాలువ వెంట వస్తుంది, వంతెన దానికి అడ్డంగా ఉంటుంది. కారు తిప్పినట్టు ఎడమకి తిప్పితే ముందు భాగం చక్కగా వంతెనెక్కుతుంది, ఎడమ వెనక టైరు పిట్టగోడకి రాసుకుంటుంది. వంతెన మొదలు మీ భుజం దాటేదాకా తిన్నగా వెళ్లి, అప్పుడు తిప్పండి. తిప్పుతున్నంతసేపూ ఎడమ అద్దంలో వెనక టైరునే చూడండి.

బండి తోక కూడా ఊగుతుంది. ఎడమకి తిరిగితే వెనక ఓవర్‌హ్యాంగ్ (వెనక చక్రాలు దాటి బయటికున్న భాగం) కుడి వైపుకి బయటికొస్తుంది. పక్కన ఆగిన ఆటోకి తగిలేది అదే.

రివర్స్. సూత్రం తేలిక: తోక ఎటు పోవాలో స్టీరింగ్ అటే తిప్పాలి. కష్టమంతా ఓపికతోనే. రోజూ ఈ వరసలో చేయండి:

1) రెండు రాళ్లు బండి వెడల్పుకి మూడు నాలుగు అడుగులు ఎక్కువ దూరంలో పెట్టండి.
2) క్లచ్ మీదే బండిని నడక కన్నా నెమ్మదిగా రానివ్వండి. యాక్సిలరేటర్ ముట్టుకోవద్దు.
3) కుడి అద్దం, ఎడమ అద్దం, మళ్లీ కుడి. ఒక్కదాన్నే చూస్తూ ఉండిపోకండి.
4) ముందు తిన్నగా యాభై అడుగులు. అది వచ్చాకే వంపు.
5) గీత తప్పితే అక్కడే ఆపి, ముందుకి వచ్చి, మళ్లీ మొదలుపెట్టండి. వెనక్కి వస్తూనే సరిచేయాలని చూస్తే ఇంకా మెలిక పడుతుంది.

నేను నేర్పిన కుర్రాడు ఒకడు ముందుకి అద్భుతంగా నడిపేవాడు. రివర్స్‌లో మాత్రం తల కుడి కిటికీలోంచి బయటపెట్టి వెనక్కి చూసేవాడు. అది క్లీనరు అలవాటు. కుడి వైపు రాయికి జానెడు దూరం బ్రహ్మాండంగా కాపాడుకుని, ఎడమ రాయిని ప్రతిసారీ తొక్కేవాడు. వారం రోజులు కుడి తలుపు అద్దం పైకెక్కించి కిటికీ మూయించాను. అప్పటికి మెడ అద్దాలకి అలవాటు పడింది.

ఎక్కుడు మీద ఆపి కదపడం. టెస్టులో ఎత్తు మీద బండి వెనక్కి జారకుండా కదపడం కూడా చూస్తారు. మనది చదునైన నేల, కొండ ఎక్కడ తెస్తాం? ఊరి చివర రద్దీ లేని కాలువ వంతెన ర్యాంపు వెతుక్కోండి. చించినాడ, ఎదుర్లంక, సిద్ధాంతం లాంటి పెద్ద వంతెనల అప్రోచ్‌ల మీద ఈ ప్రయోగాలు చేయొద్దు, అవి హైవేలు. పార్కింగ్ బ్రేకు వేసి, గేరేసి, క్లచ్ పట్టు తగిలి బండి ముక్కు కొద్దిగా లేచినప్పుడు బ్రేకు వదలండి. ఇది ఇప్పుడు రాకపోతే, మొదటిసారి మారేడుమిల్లి ఘాట్ ఎక్కిన రోజు ఏడిపిస్తుంది.

గట్టు రోడ్డు. ఇది టెస్టులో ఉండదు, అయినా డెల్టాలో లారీ నడిపేవాడు నేర్చుకుని తీరాలి. కాలువ గట్టు అంచు పైకి గట్టిగానే కనిపిస్తుంది. అడుగున నీళ్లు మట్టిని కోసేసి ఉంటాయి. ఖాళీ బండి దాటిన చోటే లోడు బండి కుంగుతుంది. ఎదురుగా బస్సొస్తే అంచుకి దిగకండి. దూరం నుంచే చూసి, వెడల్పున్న చోట ఆగిపోండి. కాలువ వైపు చక్రం తారు దిగకూడదు. వాన పడ్డ రోజు అయితే ఈ మాట రెండుసార్లు గుర్తు చేసుకోండి.

8. టెస్టు రోజు

ముందు రాత్రే సంచిలో పెట్టుకోవాల్సినవి: ఒరిజినల్ డీఎల్, ఎల్‌ఎల్‌ఆర్ ప్రింటు, స్లాటు కాగితం, ఆధార్, ఫారం 1ఏ, ఫారం 5, ఫీజు రసీదు, ఫొటోలు, కళ్లజోడు.

లుంగీతో వెళ్లకండి. నవ్వకండి, వచ్చినవాళ్లున్నారు. ప్యాంటు, కాలికి పట్టుండే బూట్లు వేసుకోండి. హవాయి చెప్పు పెడల్ కింద ఇరుక్కుంటుంది.

బండెక్కే ముందు చుట్టూ ఒక రౌండు నడవండి. టైర్లు చూడండి, కింద నూనె కారుతోందేమో చూడండి, లైట్లు వెలుగుతున్నాయో చూడండి. ఇన్‌స్పెక్టర్ చూస్తున్నారని కాదు గానీ, చూస్తారు. తర్వాత సీటు, అద్దాలు, బెల్టు, గాలి మీటరు. ఆయన "పోనీయ్" అన్నా సరే, సూది ఎక్కేదాకా "ఒక్క నిమిషం సార్, గాలి పట్టాలి" అని చెప్పండి. ఆ మాటకి ఎవరూ మార్కులు కోయరు.

ఎక్కువమంది పోగొట్టుకునే చోట్లు ఇవి:

- కదిలే ముందు అద్దం చూడకపోవడం, ఇండికేటర్ వేయకపోవడం
- మలుపు తిరిగాక ఇండికేటర్ తీయడం మర్చిపోవడం
- రివర్స్‌లో తొందర
- సగం క్లచ్ మీద కాలు అలాగే పెట్టి ఉంచడం
- ఆపినప్పుడు న్యూట్రల్, పార్కింగ్ బ్రేకు వేయకుండానే దిగబోవడం

9. ఫెయిలైతే

ఏడు రోజుల తర్వాత మళ్లీ వెళ్లొచ్చు. మూడుసార్లు తప్పితే మాత్రం ఆఖరి టెస్టు నుంచి 60 రోజులు ఆగాలి. అందుకే మూడో ప్రయత్నం పరువు కోసం తొందరపడి పెట్టుకోకండి. ఎక్కడ తప్పిందో ఇన్‌స్పెక్టర్‌నే మర్యాదగా అడగండి, చాలామంది చెబుతారు. ఆ ఒక్కటే వారం రోజులు చేయండి. నేను రెండోసారికి పాసయ్యాను.

10. కార్డు వచ్చాక

డిజిలాకర్‌లోనో ఎంపరివాహన్‌లోనో లైసెన్స్ తెరిచి ట్రాన్స్‌పోర్ట్ తరగతి చేరిందో లేదో చూడండి. గడువు తేదీలు రెండుంటాయి. కారు, బైక్‌లకి ఒకటి, ట్రాన్స్‌పోర్ట్‌కి ఇంకొకటి. ట్రాన్స్‌పోర్ట్ గడువు అయిదేళ్లే. పెద్ద తేదీ చూసుకుని ధీమాగా తిరిగి, చెక్‌పోస్టులో పట్టుబడేవాళ్లు ఏటా ఉంటారు. అదే సమయంలో ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ మొదట పట్టుకునేది కూడా ఆ తేదీనే.

కాకినాడ పోర్టు వైపు గ్యాస్, పెట్రోలు, రసాయనాల ట్యాంకర్ ఎక్కాలనుకుంటే ఇంకో మెట్టుంది. ప్రమాదకర సరుకుల మీద మూడు రోజుల శిక్షణ తీసుకుని సర్టిఫికెట్ పొందాలి, లైసెన్స్ మీద ఎండార్స్‌మెంట్ వేయించుకోవాలి. తెలుగుతో పాటు ఇంగ్లీషు చదవడం, రాయడం కూడా రావాలి. బండిలో ఉండే ట్రెమ్ కార్డు మీద ఏ రసాయనం, కారితే ఏం చేయాలి అన్నది చదవగలగాలి కదా. ఆ లైసెన్స్ గడువు మూడేళ్లే, రెన్యువల్‌కి ఒక రోజు రిఫ్రెషర్ కోర్సు ఉంటుంది.

రెన్యువల్‌కి గడువు తీరడానికి ఏడాది ముందు నుంచే అప్లై చేయొచ్చు. మళ్లీ మెడికల్ కావాలి. గడువు దాటి ఏడాది గడిచిపోతే, ఇరవై ఏళ్ల అనుభవమున్నా, గాలి మీటరు చూసుకుంటూ మళ్లీ ఆ ట్రాక్ మీదకే వెళ్లాలి.